విశాఖలో వసూలైన పన్నంతా విశాఖ కట్టిన పన్నేనా?

ఓడరేవు, ఉక్కు కర్మాగారం, చమురు శుద్ధి కర్మాగారం అన్నీ ఉన్న విశాఖపట్నం నుంచి కేంద్రానికి అంత పన్ను వెళ్తుంటే, మా వీధిలో గుంట పూడ్చడానికి నిధులు లేవనడం ఎలా న్యాయం, మనం కట్టిన రూపాయిలో మనకు తిరిగి వచ్చేదెంత అని మీరు అడిగారు. రాష్ట్ర ఖజానా శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, అందులో ఎక్కువ కాలం ఉత్తరాంధ్ర జిల్లాల్లోనే గడిపినవాణ్ణి కాబట్టి, ఈ డబ్బు వచ్చే దారిని, ఆగిపోయే చోట్లను దగ్గరగా చూశాను. ప్రశ్న న్యాయమైనదే గానీ, అందులోని లెక్క మొదటి మెట్టులోనే తప్పుతోంది. ముందు దాన్ని సరిచేసుకుందాం.

పన్ను వసూలైన ఊరు వేరు, ఆ పన్ను భారం మోసిన ఊరు వేరు. మల్కాపురంలోని హెచ్‌పీసీఎల్ శుద్ధి కర్మాగారం గేటు దాటే పెట్రోలు మీద ఎక్సైజు సుంకం విశాఖ లెక్కలో పడుతుంది. కానీ ఆ పెట్రోలు రాయగడలోనో రాయపూర్‌లోనో అమ్ముడుపోతే, సుంకం మోసినది అక్కడి స్కూటరు యజమాని. ఓడరేవులో దిగిన సరుకు ఛత్తీస్‌గఢ్ కర్మాగారానికి వెళ్తే కస్టమ్స్ సుంకం ఇక్కడే కడతారు, దాని భారం మాత్రం సరుకుతో పాటే పోతుంది. దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. డాబాగార్డెన్స్‌లోని బ్యాంకు శాఖ మన డిపాజిట్ల మీద, మన అప్పుల మీద సంపాదించిన లాభానికి ఆదాయపు పన్ను ఆ బ్యాంకు ప్రధాన కార్యాలయం ఉన్న ముంబై లెక్కలో చేరుతుంది. అందుకే ఏ నగరం ఎంత కట్టింది అనే పట్టికలు పట్టుకుని వాదించడం నేను ఎన్నడో మానేశాను.

వస్తు సేవల పన్ను (జీఎస్టీ) విషయంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కూర్మన్నపాలెం వైపు నుంచి ఇనుప ఊచలతో బయలుదేరే లారీ దగ్గర ఆగి ఇన్వాయిసు చూడండి. సరుకు విజయవాడకు వెళ్తుంటే లక్ష రూపాయల ఉక్కు మీద కేంద్ర భాగంగా 9,000 సీజీఎస్టీ, రాష్ట్ర భాగంగా 9,000 ఎస్‌జీఎస్టీ అని రెండు వరుసలుంటాయి. అదే సరుకు హైదరాబాదుకు వెళ్తుంటే 18,000 ఐజీఎస్టీ, అంటే రాష్ట్రం దాటే అమ్మకం మీద జీఎస్టీ, అని ఒకటే వరుస ఉంటుంది. ఈ పన్ను తుది వినియోగం జరిగిన చోటికి చేరేలా రూపొందింది కాబట్టి, సర్దుబాట్లన్నీ పూర్తయ్యాక ఆ 18,000లో సగం కేంద్రానికి, సగం తెలంగాణకు జమ అవుతాయి. ఉక్కు కరిగించిన రాష్ట్రానికి ఆ లావాదేవీలో ఏమీ మిగలదు. జీఎస్టీ వచ్చిన 2017 జులై 1కి ముందు కేంద్ర అమ్మకపు పన్ను పేరుతో 2 శాతమైనా తయారు చేసిన రాష్ట్రానికి మిగిలేది. అందుకే కర్మాగారాలున్న రాష్ట్రాలు జీఎస్టీకి మొదట భయపడ్డాయి. 2015-16 ఆదాయం మీద ఏటా 14 శాతం పెరుగుదలకు తగ్గిన మేరకు ఐదేళ్లు పరిహారం ఇస్తామని కేంద్రం హామీ ఇచ్చాకే అవి ఒప్పుకున్నాయి. ఆ హామీ 2022 జూన్ 30తో ముగిసింది. మరో పక్క, చెన్నై దగ్గర తయారైన కారును మనవాళ్లు విశాఖలో కొంటే అందులో రాష్ట్ర భాగం మనకే వస్తుందని కూడా చెప్పాలి.

ఇప్పుడు అసలు అమరికకు వద్దాం. రాజ్యాంగం ఏడో షెడ్యూలు పన్నులనూ పనులనూ కేంద్ర, రాష్ట్ర జాబితాలుగా విడదీసింది. ఆదాయపు పన్ను, కంపెనీల పన్ను, కస్టమ్స్ వంటి త్వరగా పెరిగే పన్నులు కేంద్రానికి దక్కాయి. రాష్ట్రాలకు మద్యం, పెట్రోలు అమ్మకం, స్టాంపులు, రిజిస్ట్రేషన్లు, వాహనాలు, భూమి శిస్తు మిగిలాయి. జీఎస్టీలో ఇద్దరికీ భాగం ఉంది. పనుల పంపకం మాత్రం తిరగబడి ఉంటుంది. పోలీసు, ఆసుపత్రి, తాగునీరు, వ్యవసాయం, సాగునీరు రాష్ట్రం చూడాలి. బడి ఉమ్మడి జాబితాలో ఉన్నా ఖర్చులో సింహభాగం రాష్ట్రానిదే. 15వ ఆర్థిక సంఘం 2018-19కి వేసిన లెక్క ప్రకారం దేశంలోని మొత్తం ప్రభుత్వ ఆదాయంలో దాదాపు 63 శాతం కేంద్రం సమకూర్చుకుంటుంటే, మొత్తం ఖర్చులో దాదాపు 62 శాతం రాష్ట్రాలు భరిస్తున్నాయి. ఈ ఎడం పొరపాటున ఏర్పడినది కాదు. దేశమంతా తిరిగే పెట్టుబడి మీద పన్ను ఒకచోట వేయడమే సులువు, జనం గడప దగ్గర చేయాల్సిన సేవ దగ్గరి ప్రభుత్వం చేయడమే మేలు. కాబట్టి కేంద్రం నుంచి రాష్ట్రాలకు వచ్చే డబ్బును దానమని ఎవరైనా అంటే నాకు బాధ కలుగుతుంది. అది రాజ్యాంగం ముందే ఊహించి రాసిపెట్టిన బదిలీ.

ఆ బదిలీకి కొలత చెప్పేది ఆర్థిక సంఘం. 280వ అధికరణం కింద రాష్ట్రపతి ఐదేళ్లకోసారి దాన్ని నియమిస్తారు. కె.సి. నియోగి అధ్యక్షతన 1951లో మొదటిది ఏర్పడింది. మన కడప జిల్లాకు చెందిన వై.వి. రెడ్డి గారు అధ్యక్షత వహించిన 14వ సంఘం రాష్ట్రాల వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచింది. 15వ సంఘం, జమ్మూకశ్మీర్ కేంద్రపాలిత ప్రాంతంగా మారినందున, దాన్ని 41 చేసింది. 2026 ఏప్రిల్ నుంచి ఐదేళ్ల కాలానికి అరవింద్ పనగఢియా అధ్యక్షతన 16వ సంఘం ఏర్పడింది. నేను ఇక్కడ చెప్పే వాటాలన్నీ 2021-26 కాలానివి. ఆ కాలంలో రాష్ట్రాలన్నిటి మధ్య పంచే మొత్తంలో ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం. అంటే, పంపకానికి వచ్చే కేంద్ర పన్ను నూరు రూపాయలైతే రాష్ట్రాలన్నిటికీ కలిపి 41 రూపాయలు, అందులో మనకు 1 రూపాయి 66 పైసలు. 2015-20 మధ్య ఐదేళ్లలో మన వాటా 4.305 శాతం, అంటే నూటికి 1 రూపాయి 81 పైసలు.

మీ ప్రశ్నకు ఇదే జవాబని ఆగిపోవచ్చు. కానీ “పంపకానికి వచ్చే” అన్న ఆ రెండు మాటల్లోనే అసలు విషయమంతా ఉంది. 2000లో వచ్చిన 80వ సవరణ తరువాత కేంద్రం వసూలు చేసే పన్నులన్నీ ఒకే నిధిలోకి వచ్చాయి, ఒక్క మినహాయింపుతో. ఒక ప్రత్యేక పని పేరుతో వేసే సెస్సులు, పన్ను మీద అదనంగా వేసే సర్‌చార్జీలు ఆ నిధిలో కలవవు, వాటిలో రాష్ట్రాలకు వాటా లేదు. 2011-12 ప్రాంతంలో కేంద్రం మొత్తం పన్ను వసూళ్లలో ఇవి పదో వంతు ఉంటే, 2020-21 నాటికి ఐదో వంతుకు చేరాయి. ఒక్క లీటరు పెట్రోలు తీసుకుని చూద్దాం. 2021 ఫిబ్రవరి బడ్జెట్ తరువాత లీటరు మీద కేంద్రం వేసిన సుంకం 32 రూపాయల 90 పైసలు. అందులో రాష్ట్రాలతో పంచుకోవలసిన మూల ఎక్సైజు సుంకం 1 రూపాయి 40 పైసలే. మిగిలిన 31 రూపాయల 50 పైసలూ ప్రత్యేక అదనపు సుంకం, రోడ్ల సెస్సు, వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు అనే పేర్లతో పంపకానికి బయటే ఉండిపోయాయి. ఆ 1.40లో 41 శాతం రాష్ట్రాలన్నిటికీ, అందులో మన వాటా లీటరుకు రెండు పైసలకు కొంచెం పైన. గాజువాక బంకులో ట్యాంకు నిండా పోయించుకున్న మనిషి కేంద్రానికి కట్టిన సుంకంలోంచి వాటా రూపంలో అతని రాష్ట్రానికి తిరిగి వచ్చింది ఒక్క రూపాయి కూడా కాదు.

ఇందులో రెండు సంగతులు దాచకూడదు. ఆ సెస్సు డబ్బు ఎక్కడికో పోదు, ఆనందపురం మీదుగా వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి వంటి పనుల్లోనూ కేంద్ర పథకాల్లోనూ కొంత మళ్లీ కనిపిస్తుంది. అలాగే రాష్ట్రం కూడా అదే లీటరు మీద శాతం లెక్కన వ్యాట్ అనే అమ్మకపు పన్ను వేసి, ఆపైన లీటరుకు ఇంతని అదనపు పన్ను, రోడ్డు సెస్సు వసూలు చేస్తుంది. కానీ వాటాగా వచ్చిన రూపాయిని దేనికి ఖర్చు పెట్టాలో శాసనసభ నిర్ణయిస్తుంది. సెస్సుగా వెళ్లి పథకంగా తిరిగి వచ్చిన రూపాయి షరతులతో వస్తుంది. నా దృష్టిలో రాష్ట్రాలన్నీ కలిసి గట్టిగా అడగవలసిన మొదటి సంగతి ఇదే. 41 శాతాన్ని 50 చేయమని అడిగే లోపు, ఆ శాతం వర్తించే నిధే ఎంత కుదించుకుపోయిందో చూడాలి.

రాష్ట్రాల మధ్య పంపకం గురించి మీ ప్రశ్నలో కొంత ఆవేదన కనిపించింది. ఉత్తరప్రదేశ్‌కు 17.939 శాతం, బీహార్‌కు 10.058 శాతం ఎందుకు అని. 15వ సంఘం సూత్రంలో 45 శాతం బరువు ఆదాయ అంతరానికి ఇచ్చారు, అంటే తలసరి ఆదాయంలో పైవరుస రాష్ట్రానికి ఎంత దూరంగా ఉంటే అంత ఎక్కువ వాటా. జనాభాకు 15, విస్తీర్ణానికి 15, జనాభా పెరుగుదలను అదుపు చేసినందుకు 12.5, అడవులకు 10, పన్ను వసూలులో కృషికి 2.5 శాతం. అడవికి బరువు ఇచ్చారంటే మన ఏజెన్సీ కొండలు కూడా రాష్ట్రానికి డబ్బు తెస్తున్నాయన్న మాట.

ఆదాయ అంతరానికి బరువు ఇవ్వడం అన్యాయమని నేను అనలేను. ఆంధ్రప్రదేశ్‌లో తలసరి ఆదాయంలో విశాఖ జిల్లాది మొదటి వరుస. ఇక్కడ పోగైన రాష్ట్ర పన్నుతో పాడేరు కొండల మీద ఆశ్రమ పాఠశాల నడుస్తుంది, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ రోగులకు డయాలసిస్ జరుగుతుంది. అది తప్పని మనలో ఎవరూ అనం, అనకూడదు కూడా. మన డబ్బు పాడేరు వెళ్తే న్యాయం, బీహార్‌లోని పూర్ణియా వెళ్తే అన్యాయం అనడానికి నాకు ఆధారం కనిపించదు. కేజీహెచ్ (విశాఖలోని కింగ్ జార్జ్ ప్రభుత్వ ఆసుపత్రి) వార్డుల్లోకి ఒక్కసారి వెళ్లి రండి. కొరాపుట్, మల్కన్‌గిరి నుంచి వచ్చిన ఒడిశా రోగులు మంచాల మీద కనిపిస్తారు. వాళ్లకు వైద్యం చేసే డాక్టరు జీతం ఆంధ్రప్రదేశ్ ఖజానా నుంచే వెళ్తుంది, మీ ఊరు ఏది అని అడిగి మందు ఆపిన డాక్టరును నేను చూడలేదు. అయితే దక్షిణాది రాష్ట్రాల మాటలో నిజమున్న చోటు కూడా ఉంది. జనాభా నియంత్రణ పాటించమని దేశం అడిగితే పాటించిన రాష్ట్రాలకు, 1971 లెక్కల బదులు 2011 లెక్కలు తీసుకున్నప్పుడు వాటా తగ్గింది. 12.5 శాతం బరువు ఆ నష్టంలో కొంతనే పూడ్చింది. ఈ ఫిర్యాదు సబబైనదే, దాన్ని బీద రాష్ట్రాల మీద కోపంగా మార్చుకోవడమే సబబు కాదు.

గ్రాంట్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. వాటా అందిన తరువాత కూడా రెవెన్యూ లోటు, అంటే రోజువారీ ఖర్చులకు ఆదాయం చాలని లోటు, మిగిలే రాష్ట్రాలకు ఆర్థిక సంఘం సిఫార్సు మీద 275వ అధికరణం కింద గ్రాంటు వస్తుంది. మనకు 2021-22లో 17,257 కోట్లు, మరుసటి ఏడాది 10,549 కోట్లు, ఆ తరువాత 2,691 కోట్లు వచ్చి అక్కడితో ఆగిపోయాయి. 282వ అధికరణం కింద ఇచ్చేవి వేరు, అవి కేంద్రం తన విచక్షణతో ఇచ్చేవి. విభజన తరువాత వెనుకబడిన ఏడు జిల్లాలకు, అంటే సీమ నాలుగు జిల్లాలకూ మన ఉత్తరాంధ్ర మూడు జిల్లాలకూ, జిల్లాకు ఏటా 50 కోట్ల చొప్పున ఇచ్చిన సాయం అటువంటిది. మొదటి రకానికి సూత్రం ఉంటుంది. రెండో రకం కోసం ఢిల్లీ చుట్టూ తిరగాలి.

కేంద్రం రూపొందించి రాష్ట్రంతో ఖర్చు పంచుకునే కేంద్ర ప్రాయోజిత పథకాల దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే నేను చూసిన నష్టమంతా ఇక్కడే జరిగింది. 2015-16 నుంచి వీటిలో ఎక్కువ భాగానికి కేంద్రం 60, రాష్ట్రం 40 భరించాలి. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు 90, 10. ఉపాధి హామీలో కూలి మొత్తం కేంద్రమే భరించేది, 2025 డిసెంబరులో వచ్చిన కొత్త చట్టంతో అక్కడ కూడా 60, 40 అయింది. కాగితం మీద 60 శాతం ఉదారంగానే కనిపిస్తుంది. ఖజానా కౌంటరు ఇవతల కూర్చున్నవాడికి మరో విధంగా కనిపిస్తుంది.

ఉత్తరాంధ్రలోని ఒక చిన్న పట్టణంలో తాగునీటి ట్యాంకు పని ఒకటి నా చేతుల మీదుగా నడిచింది. కేంద్రం మొదటి విడత డిసెంబరులో వచ్చింది. రాష్ట్రం తన మ్యాచింగ్ వాటాకు బడ్జెట్ విడుదల ఉత్తర్వు ఇచ్చేసరికి మార్చి మూడో వారం అయింది. మార్చి 31 రాత్రి పన్నెండు దాకా మేము బిల్లులు పాస్ చేస్తూనే ఉన్నాం. ఆ పట్టణం అసిస్టెంట్ ఇంజనీరు ఫైలు ఒళ్లో పెట్టుకుని మా వరండాలో బల్ల మీద కూర్చునే ఉన్నాడు. పదకొండున్నరకు ఆ పద్దు మీద చెల్లింపులు ఆపమని పై నుంచి ఆదేశం వచ్చింది. బిల్లు వెనక్కి వెళ్లింది. ఖర్చు జరగలేదు కాబట్టి వినియోగ ధ్రువపత్రం పంపలేదు, అది పంపలేదు కాబట్టి కేంద్రం రెండో విడత విడుదల చేయలేదు. ఆ తరువాత రెండు వేసవులు ఆ పట్టణానికి ట్యాంకర్లే దిక్కయ్యాయి. ఎవరూ డబ్బు తినలేదు, ఎవరూ చట్టం మీరలేదు. రెండు ప్రభుత్వాల డబ్బు ఒక పనిలో కలవాలంటే రెండూ ఒకే నెలలో చేతిలో ఉండాలి, అవి అలా ఉండలేదు. ఆ ఇంజనీరు ఫైలు మూసుకుని మెట్లు దిగడం నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంటుంది.

అందుకే బీద రాష్ట్రాలకూ, లోటులో ఉన్న రాష్ట్రాలకూ మ్యాచింగ్ వాటా షరతు బరువైనదని అంటాను. 40 పెట్టగలిగిన రాష్ట్రం 60 తెచ్చుకుంటుంది, పెట్టలేనిది రెండూ పోగొట్టుకుంటుంది. విశాఖ 2016 జనవరిలో స్మార్ట్ సిటీల మొదటి జాబితాలోనే చోటు సంపాదించినప్పుడు కేంద్రం ఇస్తానన్న 500 కోట్లకు సమానంగా మరో 500 కోట్లు ఇక్కడి నుంచి పెట్టాలన్నది షరతు. విశాఖకు ఆ స్తోమత ఉంది. పక్క జిల్లాల చిన్న పట్టణాలకు లేదు.

అప్పు కూడా ఈ పంపకంలో భాగమే. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పు చేయాలంటే 293వ అధికరణం ప్రకారం కేంద్రం అనుమతి తీసుకోవాలి. అది ఎక్కడో ఢిల్లీ సంగతి అనుకోకండి, మీ ఇంటి పన్ను నోటీసులోకి వచ్చింది. కోవిడ్ ఏడాదిలో, 2020 మేలో, రాష్ట్రాలు తమ రాష్ట్ర ఉత్పత్తి విలువలో మరో 2 శాతం అదనంగా అప్పు చేయడానికి అనుమతిస్తూ, అందులో కొంత భాగానికి సంస్కరణల షరతులు పెట్టారు. ఆస్తి పన్నును భూమి, కట్టడాల మార్కెట్ విలువకు ముడిపెట్టడం, నీటికీ మురుగునీటికీ రుసుములు నిర్ణయించడం అందులో ఒకటి. ఆ షరతు ముందుగా నెరవేర్చిన రెండు రాష్ట్రాల్లో మనది ఒకటి. దానివల్ల సుమారు 2,500 కోట్ల అదనపు అప్పుకు అనుమతి వచ్చింది. 2021 ఏప్రిల్ నుంచి ఇంటి పన్నును అద్దె విలువ మీద లెక్కించే పద్ధతి పోయి, ఆస్తి విలువ మీద లెక్కించే మూలధన విలువ పద్ధతి వచ్చింది. ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదని పరిమితి పెట్టినా, ఇంటి పన్ను ఏటా ఎందుకు పెరుగుతోందో దొండపర్తిలో, అక్కయ్యపాలెంలో జనానికి ఎవరూ విడమరిచి చెప్పలేదు. ఆస్తి పన్ను పెరగకూడదని నేను అనను. పెంచిన కారణం కట్టేవాడికి తెలియాలి అంటాను.

ఇక మీ వీధి గుంట దగ్గరికి వద్దాం. ఆ రోడ్డు జాతీయ రహదారి కాకపోతే, రోడ్లు భవనాల శాఖది కాకపోతే, అది జీవీఎంసీదే, అంటే విశాఖ నగర పాలక సంస్థదే. జీవీఎంసీకి ఆదాయపు పన్నులోనూ జీఎస్టీలోనూ నేరుగా భాగం లేదు. రాష్ట్రం నగరానికి ఎంత ఇవ్వాలో చెప్పడానికి రాజ్యాంగం 73వ, 74వ సవరణల ద్వారా రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని ఏర్పరచింది. ఢిల్లీ ఆర్థిక సంఘం గురించి పత్రికలు పేజీలు నింపుతాయి, దీని గురించి మాట్లాడేవారే లేరు. దేశంలో చాలా రాష్ట్రాలు ఈ సంఘాలను ఆలస్యంగా వేసి, నివేదికలను అంతకంటే ఆలస్యంగా సభ ముందు పెడుతుండటంతో, 2024 మార్చి లోపు ఆ పని పూర్తి చేయని రాష్ట్రాలకు స్థానిక సంస్థల గ్రాంట్లు ఆపాలని 15వ ఆర్థిక సంఘం చెప్పవలసి వచ్చింది. 2021-26 కాలంలో, పది లక్షల జనాభా దాటిన నగరంగా విశాఖకు వచ్చే కేంద్ర గ్రాంటు కూడా గాలి నాణ్యతకు, తాగునీటికి, పారిశుద్ధ్యానికి కట్టుబడి ఉండేది. దానితో గుంట పూడ్చే వీలు ఉండేది కాదు.

పైగా విశాఖలో నౌకాదళానికీ రైల్వేకూ చెందిన భూమి చాలా ఉంది. కేంద్ర ప్రభుత్వ ఆస్తి మీద స్థానిక పన్ను వేయడానికి 285వ అధికరణం ఒప్పుకోదు. సేవలకు రుసుము మాత్రమే అడగవచ్చు, అది పూర్తి ఆస్తి పన్నుకు సమానం కాదు. సైన్యానికీ రైలుకూ చోటిచ్చిన నగరం ఆ మేరకు తన పన్ను ఆధారాన్ని వదులుకుంటోంది, దానికి తగిన సర్దుబాటు ఏ సూత్రంలోనూ లేదు. విశాఖ వినిపించదగిన ప్రత్యేకమైన వాదన ఏదైనా ఉందంటే అది ఇదేనని నా అభిప్రాయం. ఓడరేవు సుంకం లెక్క కంటే ఇది ఎంతో బలంగా నిలుస్తుంది.

ఒక పని మీరే చేయవచ్చు. మధురవాడలో 50 లక్షల ఫ్లాటు రిజిస్టరు చేయించినప్పుడు 5 శాతం స్టాంపు డ్యూటీ, 1 శాతం రిజిస్ట్రేషను రుసుముతో పాటు 1.5 శాతం ట్రాన్స్‌ఫర్ డ్యూటీ కడతారు. ఆ 75,000 రూపాయలు స్థానిక సంస్థ కోసం రాష్ట్రం వసూలు చేసిపెట్టేవి. వృత్తి పన్నులో కూడా అలాంటి భాగం ఉంది. జీవీఎంసీ బడ్జెట్ ప్రతి తీసుకుని అందులో రాష్ట్రం నుంచి రావలసిన ఈ పద్దుల ఎదుట అంచనా ఎంత వేశారో, కిందటి ఏడాది నిజంగా జమ అయినది ఎంతో, ఏ నెలలో జమ అయిందో పక్కపక్కన రాసుకోండి. ఆ కాగితంతో మీ కార్పొరేటరు దగ్గరికి వెళ్లి, మీ వీధి పేరు చెప్పకుండా, ముందు ఆ రెండు అంకెల మధ్య తేడా గురించి అడగండి.